ఏడో నంబర్లో లిఫ్టుల గేమ్

మొదటి వాన పడ్డ రోజే మా అపార్టుమెంటు లిఫ్టు ఆగిపోయింది. అడుగున ఉన్న గుంతలోకి నీళ్ళు చేరాయన్నారు. వానకి అందరికీ జలుబు చేస్తుంది, లిఫ్టుకీ చేసి ఉంటుంది, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందని ఊరుకున్నాం. పదో రోజున సంఘం అధ్యక్షులవారు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. "వానలు పూర్తిగా తగ్గిన పిమ్మట లిఫ్టు మరమ్మతు చేయించబడును. అంతవరకు నివాసులు మెట్లను వినియోగించి ఆరోగ్యమును కాపాడుకొనగలరు." ఆయన ఉండేది మొదటి అంతస్తు.

మేముండేది నాలుగు. మేమంటే నేను, మా ఆవిడ, పదో తరగతి అమ్మాయి, మా అత్తగారు. ఫ్లాటు అత్తగారిదే. పెళ్ళయిన కొత్తలో ఓ నెల ఉండి చూద్దామని వచ్చి పద్దెనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అత్తగారికి డెబ్బై నాలుగు. నోరు ఇంకా ఇరవైల్లోనే ఉంది, మోకాళ్ళు మాత్రం తొంభై దాటాయి. రోజూ సాయంత్రం ఐదింటికి లిఫ్టులో దిగి, గేటు పక్కన కుర్చీ వేయించుకుని, వచ్చేపోయేవాళ్ళని ఆపి, కుశలం అడిగి, అడగని సలహా ఒకటిచ్చి, ఏడింటికి పైకొచ్చేవారు. లిఫ్టు ఆగాక ఆవిడ కిందికి దిగలేదు. ఊరందరికీ పంచాల్సిన సలహాలు మా ముగ్గురికే మిగిలాయి.

ఇరవయ్యో రోజున మా అమ్మాయి జాలిపడి అమ్మమ్మ ఫోన్లో ఒక గేమ్ పెట్టిచ్చింది. లిఫ్టుల గేమ్. పెద్ద మేడ, దానికి నాలుగు లిఫ్టులు, అంతస్తుకో గుంపు జనం. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చూసి లిఫ్టులు నడపాలి. ఎక్కువసేపు నిలబెడితే పచ్చగా ఉన్న బొమ్మ మనుషులు పసుపు రంగుకి మారతారు, తర్వాత ఎర్రబడతారు, ఆపైన అలిగి వెళ్ళిపోతారు.

"మేడకి లేకపోతేనేం అమ్మమ్మా, నీ ఫోన్లో నాలుగున్నాయి" అంది అమ్మాయి.

వారం తిరక్కుండా ఆవిడ వందో లెవల్ దాటేశారు. భోజనానికి పిలిస్తే, "ఉండండర్రా, ఎనిమిదో అంతస్తులో ఓ పిల్లలతల్లి నిలబడి ఉంది, దించేసి వస్తా" అనేవారు. అన్నం చల్లారినా ఆ పిల్లలతల్లి మాత్రం ఏనాడూ ఎర్రబడలేదు.

నలభయ్యో రోజున మా ఆవిడ స్కూలు నుంచి తడిసొచ్చి, నాలుగంతస్తులు ఎక్కి, గొడుగు విదిలిస్తూ, "నేను నిలబడుతున్నా" అంది.

"కూర్చో ముందు, ఆయాసపడుతున్నావు."

"ఎన్నికల్లో అండీ!"

అధ్యక్షులవారు పదకొండేళ్ళుగా అధ్యక్షులవారే. పంపుల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మేమంతా ఆయన్ని చాటుగా సర్క్యులర్‌గారు అంటాం. ఎదురుగా అంటే దానిమీదో సర్క్యులర్ వస్తుంది. ఏటా ఆయన ఒక్కరే నామినేషన్ వేస్తారు, ఆయనే ఎన్నికల అధికారి, ఆయనే ఫలితం ప్రకటించి ఆయనే దండేసుకుంటారు. వేరేవాళ్ళెవరూ అడక్కపోవడాన్నే ఆయన ప్రజాదరణ అనుకున్నారు.

"అమ్మ కిందకి దిగి నలభై రోజులైంది. ఇంకో నెల ఇలాగే ఉంటే మెట్లు దిగడం మాట అటుంచి, గది దాటడం కూడా మర్చిపోతుంది. నేను గెలిస్తే మొదటి వారంలో లిఫ్టు నడవాలి. అంతే, నాకు ఇంకేం అక్కర్లేదు" అంది మా ఆవిడ. అని, పద్నాలుగు పేజీల ప్రణాళిక తీసి బల్ల మీద పెట్టింది. లెక్కల టీచరు కదా, ఇంకేం అక్కర్లేదన్నది కూడా పద్నాలుగు పేజీలు వచ్చింది.

అత్తగారు ఫోన్లోంచి తలెత్తకుండానే, "మంచిదే. గెలువు" అన్నారు.

*

మా అపార్టుమెంటుకో పత్రిక ఉంది. నెలకి నాలుగు పేజీలు. మూడో అంతస్తు పళ్ళ డాక్టరు దానికి సంపాదకుడు. పత్రికలో అందరూ చదివేది ఒకే ఒక్క శీర్షిక, "ఈ ఇంటి పది ఇష్టాలు". ప్రతి నెలా ఒక ఫ్లాటువాళ్ళు తమకిష్టమైనవి పది, వరుస నంబర్లతో, ఎందుకిష్టమో వివరంతో సహా రాసివ్వాలి. ఇంతవరకూ అందులో ఒక్క నిజం అచ్చయిన దాఖలా లేదు. ఐదో అంతస్తువాళ్ళ ఇష్టాల్లో మొదటిది మౌనం. వాళ్ళింట్లో పొద్దున్నే ఎవరి తువ్వాలు ఎవరు వాడారన్న గొడవ మాకు అలారం. రెండో అంతస్తు ఆయనకి ఇష్టమైన పదీ పుస్తకాలే, అందులో నాలుగోదీ తొమ్మిదోదీ ఒకటే పుస్తకం.

ఎన్నికల నెలలో పోటీ చేసేవాళ్ళిద్దరి ఇళ్ళ జాబితాలూ పక్కపక్కన వెయ్యాలని డాక్టరు నిర్ణయించాడు.

"మీరు రాసి పడెయ్యండి, నాకు ప్రచారానికే టైం చాలట్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నిజం రాయండి. నా ప్రచారం మొత్తం దానిమీదే. నిజం చెప్పే సంఘం" అంది మా ఆవిడ.

నేను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే నా ఉద్యోగం. రెండింట్లో ఏది బాగుందో చెప్పమంటే మనిషి ఎంత కంగారుపడతాడో, భార్య పక్కనుంటే ఎలా మాట మారుస్తాడో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. కాబట్టి జాబితా రాయడానికి ఇంట్లో నాకంటే అర్హులు లేరు. వానకి షాపులోకి ఎవరూ రాని ఓ మధ్యాహ్నం కూర్చుని, మా ఇంట్లో నలుగురం నిజంగా, ముసుగు తీసి చెప్పాలంటే, దేన్ని ఇష్టపడతామా అని ఆలోచించాను. మౌనం కాదు. పుస్తకాలు కొంచెం. మిగతాదంతా వీడియో గేములే.

సరే, అవే రాశాను. ఈ ఇంట్లో ఇప్పటిదాకా ఆడిన వాటన్నింట్లోకీ గొప్ప గేములు పది.

పదో స్థానం పాత బటన్ ఫోన్లో పాము గేమ్‌కి ఇచ్చాను. అందరూ దాన్ని మొదటి స్థానంలో పెడతారని నాకు తెలుసు. పెద్దవాళ్ళని ముందు వరసలో కూర్చోబెడతాం, సినిమాకి మాత్రం స్నేహితులతో వెళ్తాం. ఇదీ అంతే అని రాశాను. తొమ్మిది, పైనుంచి ఇటుకలు పడే గేమ్. ప్రయాణాలకి ముందు కారు డిక్కీ సర్దే హక్కు ఇంట్లో నాకొక్కడికే ఉండటానికి కారణం అదే. ఎనిమిది, కారు రేసు. దాంట్లో నేనెప్పుడూ గెలవలేదు. అందరూ ఎటు వెళ్తున్నారో దానికి ఎదురు తిరిగి నడిపి, ముందున్నవాణ్ణి గుద్దడంలోనే నాకు ఆనందం. రోడ్డు మీద నా అంత నెమ్మదస్తుడు ఉండడు, అడిగి చూడండి.

ఆరు, ఐదు, నాలుగు, మూడు మా అమ్మాయి చెప్పినవి. వాటిలో ఒకదానికి ముగింపే లేదట, ఇంకోదానికి మొదలు నాకు అర్థం కాలేదు. "వివరణ ఏం రాయనే?" అంటే, "నాన్నా, ఇవి వివరిస్తే చచ్చిపోతాయి" అంది. అదే రాశాను.

రెండోది హోటలు వంటింటి గేమ్. ఇద్దరు కలిసి ఆడాలి. ఒకరు కూరలు తరగాలి, ఒకరు వండాలి, ప్లేట్లు కడగాలి, ఆర్డరు ఆలస్యమైతే కస్టమరు వెళ్ళిపోతాడు. మా ఆవిడా నేనూ ఆదివారాలు ఆడతాం. "మా నిజం వంటింట్లో ఇంతవరకూ ఏ గొడవా జరగలేదు. ఈ వంటింట్లో రెండుసార్లు విడాకుల దాకా వెళ్ళాం. మా ఆవిడ నాకు సారీ చెప్పిన ఏకైక చోటు ఇది. అదీ ప్లేటు కాలిపోయినందుకు."

మొదటి స్థానం, నేను పదేళ్ళ వయసులో బస్టాండు పక్క షాపులో నాణెం వేస్తే ఆడే యుద్ధవిమానాల మిషన్‌కి. పేరు కూడా తెలీదు, బోర్డు సగం ఊడిపోయి ఉండేది. అక్కా నేనూ కలిసి వెళ్తే చేతిలో ఒక్క నాణెం. అక్క హేండిలు తిప్పేది, నేను బటన్ నొక్కి పేల్చేవాణ్ణి. విమానం ఎటు పోవాలో నాకు తెలిసేది కాదు, ఎప్పుడు పేల్చాలో అక్కకి తెలిసేది కాదు. "పూర్తి ఆట నేనెప్పుడూ ఆడలేదు. సగం ఆటే ఆడాను. అంత బాగా ఏ పూర్తి ఆటా ఆడలేదు" అని రాశాను.

ఇక ఏడు. ఏడు ఖాళీగా మిగిలింది. లిఫ్టుల గేమ్ పెట్టేశాను. "ఇది మా అత్తగారి గేమ్. నేను ఆడలేదు. ఇంట్లో పెద్దల పట్ల గౌరవంతో ఈ స్థానం."

ఆ వాక్యం రాస్తున్నప్పుడు నేను చాలా మర్యాదగా ప్రవర్తిస్తున్నాననే అనుకున్నాను.

*

పత్రిక తలుపుల కింద నుంచి ఇరవై నాలుగు ఫ్లాట్లలోకీ వెళ్ళింది. ఎడమ పేజీలో అధ్యక్షులవారి ఇష్టాలు: ధ్యానం, ఉదయపు నడక, నీటి పొదుపు, మాతృభాష, ఇంకో ఆరు. కుడి పేజీలో మావి.

మా ఆవిడ వంటింట్లో నిలబడి చదివింది. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి చదివింది. టీచర్లు అలా రెండోసారి చదివారంటే మార్కులు పెరగడానికి కాదు.

"నిజం రాయమన్నారా లేదా?" అన్నాను ముందుజాగ్రత్తగా. భయమేసినప్పుడు నేను ఆవిణ్ణి 'మీరు' అంటాను.

"నిజం రాయమన్నాను. ఈ నిజం రాయమన్నానా? లిఫ్టు గురించి ఓట్లడుగుతుంటే విడాకులూ ప్లేట్లూ ఏంటండీ?"

"గేమ్‌లో విడాకులు."

"చదివేవాళ్ళకి తెలుస్తుందా ఆ తేడా? నాకు తొమ్మిది ఓట్లున్నాయి. పొద్దున్నే లెక్కపెట్టుకున్నా. సాయంత్రానికి నాలుగుంటే గొప్ప."

అత్తగారు తన గదిలో పత్రిక చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు నీళ్ళ చెంబు అందివ్వమంటే, మా అమ్మాయి వైపు తిరిగి, "గౌరవంతో అందివ్వమ్మా మీ నాన్నకి" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత పార్కింగులో అభ్యర్థుల సమావేశం. బయట వాన, కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు. అధ్యక్షులవారు ముందు మాట్లాడారు. పత్రిక పైకెత్తి చూపించారు.

"నేను ఎవర్నీ వ్యక్తిగతంగా అనను. ఒక ఇల్లు ధ్యానం చేస్తోంది. ఒక ఇల్లు గేములాడుతోంది. ఇరవై నాలుగు కుటుంబాల బాధ్యత ఎవరి చేతిలో పెడతారో మీ ఇష్టం. పాములూ, ఇటుకలూ, విమానాలూ! పెద్ద వయసు ఆవిడ చేత కూడా ఆడిస్తున్నారు పాపం."

అప్పుడు పైనుంచి వినిపించింది.

"పాపమా? ఎవరికి పాపం?"

అందరూ చూరు దాకా వచ్చి తలలెత్తారు. పార్కింగు వారగా, నాలుగో అంతస్తు బాల్కనీలోంచి మా అత్తగారు సగం బయటకి వంగి ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పత్రిక.

"నాచేత ఎవరూ ఆడించట్లేదు! నూట తొంభై ఆరో లెవల్లో ఉన్నా! దాన్ని తీసుకెళ్ళి ఏడో నంబర్లో పెట్టాడు మా అల్లుడు! గౌరవమట! ఎవరికి కావాలయ్యా నీ గౌరవం? ఆడి చూసి పదకొండులో పెట్టు, ఊరుకుంటా! ఆడకుండా ఏడేంటి?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఈ గొడవ ఇక్కడితో ఆగేదే. కానీ పళ్ళ డాక్టరు నోరు జారాడు.

"అది సరే గానీ, ఇటుకల గేమ్ తొమ్మిదేంటండీ మరీ అన్యాయం కాకపోతే? నేను డాక్టరీ ఫైనల్ పరీక్షలు దానివల్లే రెండుసార్లు రాశాను."

"ఒకసారి తప్పానని చెప్పవయ్యా!" అన్నారు పైనుంచి.

మౌనం ఇష్టమన్న ఐదో అంతస్తావిడ లేచి నిలబడింది. మిఠాయిలు కలిపే గేమ్ అసలు జాబితాలోనే లేకపోవడం ఆడవాళ్ళకి జరిగిన అవమానమంది. ఆవిడ రెండు వేల మూడొందలో లెవల్లో ఉందట. వాళ్ళాయన, "రెండు వేలా? నాతో తలనొప్పి, చీకట్లో పడుకుంటానని చెప్పి చేసేది ఇదా?" అన్నాడు. పది పుస్తకాల ఆయన గొంతు సవరించుకుని, కారు రేసులో ఎదురు నడపడం తప్పని, అందులో దారి పక్క పొలంలోంచి ఒక అడ్డదారి ఉందని, కావాలంటే వచ్చి చూపిస్తానని అన్నాడు. పాము గేమ్‌ని పదో స్థానంలో పెట్టినందుకు క్షమాపణ చెప్పాలని ముగ్గురు, చెప్పక్కర్లేదని ఇద్దరు. గంటన్నర సేపు ఎవరూ లిఫ్టు మాటెత్తలేదు. మా ఆవిడ పద్నాలుగు పేజీలూ చేతిలో అలాగే ఉన్నాయి. అధ్యక్షులవారు రెండుసార్లు "క్రమశిక్షణ, క్రమశిక్షణ" అన్నారు. అది ఎన్నో నంబరని ఎవరో అడిగారు.

ఆ మర్నాటి నుంచి జనం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నాలుగంతస్తులు ఎక్కి మరీ. జాబితా మార్పించడానికి వచ్చేవాళ్ళు, పైకొచ్చేసరికి రొప్పుతూ గుమ్మంలో కూలబడేవాళ్ళు. మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి, ఆయాసం తీరేదాకా మాట్లాడించేది. ఆ ఆయాసంలో ఉన్న మనిషికి లిఫ్టు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. రోజూ మాకంటే ఒక అంతస్తు ఎక్కువ ఎక్కే ఐదో అంతస్తావిడైతే కూర్చోకుండానే, "నా ఓటు నీకేనమ్మా. ఆ మిఠాయిల సంగతి చూడు మరి" అంది.

పోలింగుకి ముందురోజు మా ఆవిడ కాగితం మీద లెక్కేసింది. ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఒకటి తాళం. ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ళదే ఓటు, మొత్తం ఇరవై మూడు.

"పదకొండు గట్టిగా మనవి. పదకొండు ఆయనవి. పన్నెండోది అమ్మది. గెలిచామండీ!" అని నా భుజం మీద కొట్టింది. "మీ పిచ్చి జాబితా పనికొచ్చింది, ఏంటో."

ఆ 'ఏంటో'ని నేను సారీ కింద జమ చేసుకున్నాను.

*

పోలింగు ఆదివారం పొద్దున. పెట్టె కింద వాచ్‌మన్ గదిలో. మధ్యాహ్నానికి ఇరవై రెండు ఓట్లు పడ్డాయి. మిగిలింది అత్తగారిది.

"ఓటరే రావాలి. స్వహస్తాలతో వెయ్యాలి" అన్నారు అధ్యక్షులవారు.

మా ఆవిడ సంఘం నిబంధనల పుస్తకం తెరిచింది. "పదిహేడో నిబంధన. నడవలేని ఓటరు వద్దకు పెట్టెను తీసుకెళ్ళవలెను. పెట్టె ఎట్టి పరిస్థితుల్లోనూ అధ్యక్షుని చేతిలోనుండి మారరాదు. మీరే రాశారు సార్, అప్పట్లో మీ కాలికి కట్టు కట్టినప్పుడు."

ఆయన ఆ పేజీ చూశారు. కింద ఆయన సంతకమే ఉంది. పదకొండేళ్ళలో ఎవర్నీ నమ్మని మనిషి తన రాతకి తనే దొరికిపోవడం నేను దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. ఇనప పెట్టె, మంచి బరువు. దాన్ని ఎత్తుకుని బయల్దేరారు. అవతలి పక్షం సాక్షిగా నన్ను వెంట పంపించారు.

మొదటి అంతస్తు వరకూ ఆయన నిబంధనల ప్రాముఖ్యత గురించి చెప్పారు. రెండో అంతస్తుకి పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, వాతావరణం గురించి చెప్పారు. మూడో అంతస్తులో ఏమీ చెప్పలేదు. మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడి, కిటికీలోంచి వాన చూశారు. "సాయం పట్టనా?" అన్నాను. తలూపారు, అడ్డంగా. పదిహేడో నిబంధన.

మా గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. పైన కప్పుంది, అంటే అది వాన కాదు.

"కూర్చోండి అన్నయ్యగారూ, కూర్చోండి. ఓటెక్కడికి పోతుంది" అన్నారు అత్తగారు. నేను మంచినీళ్ళు తెచ్చాను. ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుని ఫోను అందుకుని, వదిలేసిన ఆట మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, పక్కనుంచి ఫోన్లోకి తొంగి చూశారు.

"ఏంటమ్మా అది?"

"ఇదే మరి. ఏడో నంబరు."

ఆవిడ వివరించారు. ఈ లిఫ్టు ఇక్కడ, వీళ్ళు అక్కడికి, పచ్చ, పసుపు, ఎరుపు. ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నారు. ఆ కళ్ళజోడు నేనిచ్చిందే, దగ్గరి చూపు బాగానే పనిచేస్తోంది.

"ఖాళీ లిఫ్టుని కిందే ఎందుకు ఆపారు? నడిమి అంతస్తులో నిలబెట్టండి. పైకైనా కిందికైనా సగం దూరమే."

"అయ్యో! ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే!" ఆవిడ నా వైపు ఒక చూపు చూశారు. "ఏదీ, మీరు పట్టుకోండోసారి."

ఆయన పట్టుకున్నారు. పెట్టె నేల మీద పెట్టాల్సి వచ్చింది, పెట్టి కాలితో తాకి ఉంచారు. ఇరవై నిమిషాలు ఆ ఇద్దరూ నన్ను మరిచిపోయారు. "అదిగో, ఆరులో ముసలాయన!" "చూశా చూశా." "రెండో లిఫ్టు పంపండి, రెండోది!" "పంపానమ్మా, ఉండండి, కంగారుపెట్టకండి!" పదకొండేళ్ళుగా ఆయన గొంతులో వినని గొంతు అది. కిందనుంచి మా అమ్మాయి రెండుసార్లు పైకొచ్చి చూసి, ఏమీ అర్థంకాక మళ్ళీ దిగింది.

"దీన్నా ఏడులో పెట్టారు?" అన్నారాయన తలెత్తి, నాతో. "మిగతావన్నీ కాలక్షేపం. ఇది పద్ధతి. ఇది ఒకటో నంబరు."

"కింద అందరి ముందూ అంటారా ఆ మాట?" అన్నారు అత్తగారు.

"అంటాను. తప్పేముంది?"

"అయితే అటు చూడండి. నాలుగో అంతస్తు మర్చిపోయారు."

ఆయన చూశారు. నాలుగో అంతస్తులో ఒక బొమ్మ మనిషి, ఒంటరిగా, ఎర్రగా.

"అరే! ఎంతసేపైంది?"

"ఆవిడకి నిమిషం" అన్నారు అత్తగారు. "నాకు యాభై రెండు రోజులు."

ఆయన రెండో లిఫ్టుని నాలుగో అంతస్తుకి పంపి, ఆ మనిషి ఎక్కేదాకా చూసి, ఫోను జాగ్రత్తగా ఆవిడ ఒళ్ళో పెట్టారు. జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. తలుపు అవతల ఆయన దిగాల్సిన మెట్లు కనిపిస్తున్నాయి.

"పది రోజులివ్వండి" అన్నారు.

"వానలు తగ్గాకా?"

"వానల్లోనే. ఆ గుంతలోకి చిన్న పంపు దింపితే చాలు. నాకు తెలిసిన పనే కదా."

"కాయితం ఇటివ్వండి" అన్నారు అత్తగారు.

నేను సాక్షిని. నిబంధన ప్రకారం గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పెన్ను చప్పుడు ఒక్కసారి వినిపించింది, తర్వాత పెట్టెలో కాయితం పడ్డ చప్పుడు.

*

అధ్యక్షులవారికి పన్నెండు. మా ఆవిడకి పదకొండు.

చప్పట్లు కొట్టారు. ఆయన లేచి, ఫలితం చదివి, అదే గొంతుతో, "అలాగే జాబితా విషయంలో నా అభిప్రాయం. లిఫ్టుల గేమ్ ఒకటో నంబరు. ఇది అధికారికం" అన్నారు. జనం నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. తన కాగితం తీసి, గుర్తులు లెక్కపెట్టుకుంది. ఆమె లెక్క ఒక్క ఓటు కూడా తప్పలేదు. ఎవరెవరు ఎటు వేస్తారనుకుందో అటే వేశారు, ఒక్కరు తప్ప. లెక్కల టీచరుకి అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

నా వైపు చూసింది.

"నేను గోడ వైపు తిరిగాను" అన్నాను.

ఎనిమిది రోజులు తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. ఏం కావాలన్నా మా అమ్మాయి ద్వారానే. "అమ్మమ్మని మందులేసుకోమను." "మీ అమ్మని మాత్ర ఎక్కడుందో చెప్పమను." ఒకే గదిలో, రెండడుగుల దూరంలో కూర్చుని. అమ్మాయి మూడో రోజుకి, "నాకు ఇద్దరూ డేటా చార్జీ కట్టండి" అంది. కిందనుంచి సుత్తి చప్పుళ్ళు, పంపు చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. అధ్యక్షులవారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గుంత పక్కన గొడుగు కింద నిలబడి, మెకానిక్‌కి అరుస్తున్నారని మా అమ్మాయి వార్త మోసుకొచ్చింది.

తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగో అంతస్తులో గంట మోగి లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు.

అత్తగారు అప్పటికే చెప్పులేసుకుని ఉన్నారు. ఎప్పట్నుంచి వేసుకుని కూర్చున్నారో తెలీదు. నేనొక చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. తలుపు మూసుకోబోతుంటే గొడుగు తీసుకుని లోపలికొచ్చి, మా ఇద్దరికీ వీపు పెట్టి నిలబడింది.

మూడో అంతస్తు దాటాక, గోడతో మాట్లాడుతున్నట్టు అంది:

"ఒక్క మాట చెప్పమ్మా. కూతురు నిలబడితే ఆయనకి వేస్తావా?"

"నువ్వు గెలిచుంటే ఆయన చేతిలోంచి తాళాలు తీసుకోవడానికి నెల, పుస్తకాలు తీసుకోవడానికి నెల" అన్నారు అత్తగారు. "ఆయన పంపు దింపుతాడా నీ కోసం? పోటీ చేసి నువ్వు భయపెట్టావు. గెలిపించి నేను పని చేయించుకున్నాను. ఇద్దరం కలిసి ఆడాం. నీకు చెప్పి ఆడితే నువ్వొప్పుకోవు."

మా ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. నవ్వుతోంది, పెదవి కొరుక్కుని, వినిపించకుండా. ఓడిపోయిన మనిషి అంత త్వరగా నవ్వితే మర్యాదగా ఉండదు కదా.

కింద తలుపు తెరుచుకుంది. అత్తగారు నా చెయ్యి వదిలించుకుని, పార్కింగు దాటి, చూరు దాటి, నేరుగా వానలోకి నడిచారు. మా ఆవిడ గొడుగు విప్పుతూ పరిగెత్తింది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ లేదు. కిందకొచ్చా. అంతే."

మా ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత గొడుగు మూసేసి, వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ గేటు దాకా నడిచి, నీళ్ళు పారుతున్న రోడ్డుని, అందులో ఏదో చూడాల్సింది ఉన్నట్టు, చూస్తూ నిలబడ్డారు. అత్తగారు ఏదో అన్నారు. మా ఆవిడ తలూపింది.

నేను లిఫ్టు తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను. పైనుంచి ఎవరో బటన్ నొక్కుతున్నారు. ఆరో అంతస్తు లైటు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. పసుపులోకి వచ్చేసి ఉంటారు.

కాలు తియ్యలేదు.